అన్నం తిన్నావా అంటే టాపిక్కు పోయినట్టే

మా మేడం పోయారన్న కబురు క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపులో టాపిక్కులు తప్ప ఇంకేమీ పెట్టకూడదని ఆవిడే పెట్టిన నియమం. గుడ్ మార్నింగులు, పువ్వుల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు ఏవీ కుదరవు. అందుకే "మేడం ఇక లేరు" అన్న మాట చూసి, ఇదెవరి టాపిక్కు, మరీ ఇంత దిగులుగా పెట్టారేంటి అనుకున్నాను. ఒకరి వెనక ఒకరు దండం బొమ్మలు పెట్టడం మొదలెట్టాక గానీ నాకు తెలిసిరాలేదు. గుండెపోటట. కొన్నాళ్లుగా సెలవులో ఉన్నారని తెలుసు. జ్వరమే కదా, వచ్చేస్తారులే అనుకున్నాం.

మీకు ఆవిడ తెలియదు. గుంటూరులో మా డిగ్రీ కాలేజీలో డిజిటల్ రైటింగ్ చెప్పేవారు. అంటే బ్లాగు రాయడం, ఫొటోలతో కథనం చెయ్యడం, మాటలూ చప్పుళ్లూ రికార్డు చేసి వినిపించడం, ఇలాంటివన్నమాట. సబ్జెక్టు పేరు విని ఎవరో కుర్ర మేడం ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని వస్తుందనుకున్నాం. వచ్చిందేమో యాభై దాటిన మనిషి, మంగళగిరి నేత చీర, చేతిలో టీ ఫ్లాస్కు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే బల్లంతా తడుముకునేవారు. మిర్చి సీజన్లో యార్డు వైపు నుంచి గాలి మళ్లిందంటే మా క్లాసంతా తుమ్ములే తుమ్ములు. అప్పుడు పాఠం ఆపేసి, "ఉండండి, గుంటూరు మాట్లాడుతోంది" అనేవారు. తనూ నాలుగు తుమ్ములు తుమ్మి, ముక్కు తుడుచుకుని, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు.

ప్రాజెక్టు రాయడం కన్నా దానికి టాపిక్కు ఎంచుకోవడమే పెద్ద గండమని నాకు ఆవిడ క్లాసులోనే తెలిసింది. హాస్టల్లో బుర్ర బద్దలు కొట్టుకుని నేను తెచ్చిన మొదటి టాపిక్కు "కృత్రిమ మేధ – మానవాళి భవిష్యత్తు". బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాసి, గర్వంగా పక్కకు తిరిగి నిలబడ్డాను.

"అబ్బో, చాలా పెద్ద ఊరమ్మా ఇది" అన్నారు మేడం. "ఆ ఊళ్లో నీకు తెలిసినవాళ్లెవరన్నా ఉన్నారా?"

"లేరు మేడం."

"మరి బస్సు దిగి ఎవరింటికెళ్తావు?"

నేను బోర్డుకేసి తిరిగాను. "సరే, ఇంటికి ఫోన్ కొట్టు. స్పీకరు పెట్టు" అన్నారు.

మాది పర్చూరు అవతల చిన్న పల్లెటూరు. అమ్మ ఆ రోజు మిరప కోతకు వెళ్లింది. ఫోనెత్తి, చేలో అందరికీ వినపడేలా అరిచింది.

"ఏందే, ఈ యేళప్పుడు చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. నేను కృత్రిమ మేధ గురించి రాద్దామనుకుంటన్నా."

"ఆఁ, రాయి. మంచిదేగా. అన్నం తిన్నావా?"

క్లాసు గొల్లుమంది. మేడం సుద్దముక్క తీసుకుని నా గుండ్రటి అక్షరాలకు అడ్డంగా గీత కొట్టేశారు. "పోయింది. ఇంట్లోవాళ్లు అన్నం తిన్నావా అన్నారంటే మీ టాపిక్కు పోయినట్టే. ఇంకేదన్నా అడిగారా, బతికినట్టు."

వెనక బెంచీ నుంచి మార్టూరు కుర్రాడు లేచాడు. "మేడం, అన్నం తిన్నావా అన్నది కూడా ప్రశ్నేగా?"

"అది ప్రశ్న కాదురా, ముద్ద" అన్నారు మేడం. అని, నా ఫోను మీదికి వంగి, "అమ్మా, నేను వీళ్ల మేడమ్‌ని. మీ అమ్మాయి శుభ్రంగా తిన్నదండీ, మీరేం దిగులుపడొద్దు" అని చెప్పారు. అమ్మ కంగారుపడిపోయి "అట్టాగేనండీ, ఉంటానండీ" అని పెట్టేసింది. ఆ రోజు నుంచి ఎవరింటికి ఫోను చేయించినా ఆఖర్న ఆవిడ వంగి అదే మాట చెప్పేవారు. మాలో కొందరు ఆ పూట క్యాంటీన్లో ఒక్క సమోసాతో సరిపెట్టుకున్నా సరే, శుభ్రంగా తిన్నట్టే.

ఇది బాగుందనిపించి మేమందరం సరదా పడ్డాంగానీ, టాపిక్కు బతికించుకోవడం అంత తేలికేం కాదు. మార్టూరు కుర్రాడి నాన్న గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తారు. వాడు "గ్రానైట్ పరిశ్రమ – సవాళ్లు" అన్నాడు. నాన్న "సర్లేరా, తిన్నావా?" అన్నారు. గీత పడింది. మర్నాడు వాడు మళ్లీ ఫోను చేశాడు. "నాన్నా, మనింట్లో తలగడ మీద కూడా రాతిపొడి ఉంటదిగా, దాని గురించి రాస్తా" అన్నాడు. ఈసారి ఆయన గొంతు తగ్గించి, "అదెందుకురా? మా ఓనరు చూస్తాడేమో?" అని అడిగారు.

మేమందరం చప్పట్లు కొట్టబోయాం. బతికింది కదా! మేడం చెయ్యెత్తి ఆపారు. ఆయనతో "మిమ్మల్ని అడక్కుండా ఏమీ రాయడండీ" అని చెప్పి, వాడివైపు తిరిగారు. "ఆయన అడిగిందానికి నీ దగ్గర జవాబుందా? లేకపోతే ఇంటికెళ్లి ఆయన పక్కన కూర్చో. బతికిన ప్రతిదాన్నీ బజార్లోకి లాక్కురావాలని లేదు." వాడు ఆ ఆదివారం ఇంటికెళ్లాడు. చివరికి రాతిపొడి గురించి ఒక్క ముక్కా రాయలేదు. యూనిట్లో మిషన్ల మోతకి అలవాటుపడి నాన్న ఇంట్లో కూడా ఎట్లా అరిచి మాట్లాడతారో, ఆ గొంతు రికార్డు చేసి తెచ్చాడు. ఆయనే దగ్గర కూర్చుని చేయించారట. అది వింటూ మేడం కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నా సంగతి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. పత్తి రైతుల సమస్యలన్నాను. "ఆఁ, రాయి. తిన్నావా?" సోషల్ మీడియా వ్యసనమన్నాను. "అట్టనా. తిన్నావా?" మా ఊరి చరిత్ర అన్నాను. "దానికేం చరిత్రే పిచ్చిదానా, తిన్నావా లేదా?" అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్నిగానీ, లోపల మండిపోయేది. ఒకరోజు వరండాలో మేడం ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటుంటే దగ్గరికెళ్లి కక్కేశాను.

"మా అమ్మకి నా చదువంటే లెక్కలేదు మేడం. నేనేం చదువుతున్నానో, ఏం రాస్తున్నానో ఒక్కనాడూ అడగదు. ఎప్పుడు చూసినా అదే మాట."

చెబుతుంటే ఏడుపొచ్చేసింది. నాకు మార్కులు అక్కర్లేదు. నేను చెప్పిన దాంట్లో మా అమ్మ ఒక్కటి, ఒకే ఒక్కటి అడిగితే చాలు. అంతే నేను కోరుకున్నది.

మేడం టీ నా చేతిలో పెట్టారు. "ఎండలో, చేలో, రెండు చేతులా మిరపకాయలుండగా ఫోనెత్తిందా లేదా?"

"ఎత్తింది."

"లెక్కలేనివాళ్లు ఎత్తరమ్మా. ఆమె నీవైపు తిరిగి నుంచుని ఎదురుచూస్తోంది. నువ్వేమో ఎక్కడెక్కడో ఊళ్లు తిరుగుతున్నావు. టాపిక్కు కోసం దూరం పోమాకు. నడిచేటప్పుడు కాలికేం తగులుతుందో చూసుకో."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. టీ మాత్రం తాగేశాను. ఆవిడకి మిగిలిందో లేదో కూడా చూసుకోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఒకసారి మాలో ఒక అమ్మాయి ధైర్యం చేసి, "మేడం, ఎప్పుడూ మాచేతే చేయిస్తారు. ఇవాళ మీరు చెయ్యండి మీ ఇంటికి" అంది. మేమంతా బల్లలు చరిచాం. మేడం కూడా నవ్వారు. "మా ఇంట్లో ఫోనెత్తేవాళ్లు లేరమ్మా. అందుకే నాకు టాపిక్కులు దొరక్క మీకు పాఠాలు చెబుతున్నా" అన్నారు. భలే జోకనుకుని ఇంకా గట్టిగా చరిచాం.

కబురు వచ్చిన రోజు నేనూ మార్టూరు కుర్రాడూ మంగళగిరి బస్సెక్కి మేడం తమ్ముడుగారి ఇంటికి వెళ్లాం. మేడం గుంటూరులో ఒక్కరే గది తీసుకుని ఉండేవారనీ, సెలవు పెట్టాకే ఇక్కడికి వచ్చారనీ అప్పుడే తెలిసింది. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మేము ఎవరమో చెప్పగానే మేడం మరదలుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఫోన్ల పిల్లలా మీరు? ఆదివారం వస్తే మీ కబుర్లేనమ్మా. ఎవరి అమ్మ ఏమందో, ఎట్టా అందో, ఆ గొంతులు పెట్టి మరీ చెప్పేది. మా పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. పర్చూరు వైపు అమ్మాయి ఎవరు మీలో?"

"నేనేనండీ."

"మీ అమ్మ గొంతే బాగా వచ్చేది వదినకి" అన్నారావిడ. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనింక ఆపుకోలేకపోయాను, ఆ కుర్చీల మధ్యే కూలబడి ఏడ్చేశాను.

తర్వాత కాలేజీలో సంతాప సభ పెట్టారు. డిజిటల్ రైటింగ్ పిల్లలు మేడం మీద ఒక పేజీ తయారుచెయ్యాలన్నారు. శీర్షిక కూడా కాలేజీవాళ్లే ఇచ్చారు: "ఆదర్శ అధ్యాపకురాలు – విద్యారంగంలో ఆమె పాత్ర". పాపం, మంచి మనసుతోనే ఇచ్చారు. నేనూ మార్టూరు కుర్రాడూ మొహామొహాలు చూసుకున్నాం. వాడు గాలిలోనే వేలితో అడ్డంగా గీత గీశాడు. ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి ఫోను మీదికి పోయింది.

మా క్లాసులోకే వెళ్లాం. బోర్డు తుడిచేసి ఉంది. బల్ల మీద ఫోను పెట్టి, స్పీకరు నొక్కాను. అమ్మ ఎత్తింది. వెనక కోతల ఆడవాళ్ల మాటలు వినపడుతున్నాయి.

"ఏందే?"

"అమ్మా, మా మేడం పోయారే."

"ఎవరు? నువ్వు తిన్నావని చెప్పుద్దే, ఆ మేడమా?"

"ఆఁ. ఆవిడ గురించి రాయమన్నారు. ఏం రాయాలో తెలవట్లేదమ్మా."

"అయ్యో తల్లీ" అంది అమ్మ. వెనకెవరో ఏందని అడిగితే, "మా పిల్ల మేడమంట, పోయిందంట" అని చెప్పింది. తర్వాత ఫోను దగ్గరికి లాక్కున్నట్టుంది, గొంతు బాగా దగ్గరగా వచ్చింది.

"అందరి పిల్లలూ తిన్నారని ఊరంతటికీ చెప్పుద్ది గదే. మరి ఆమెని తిన్నావా అని అడిగేవాళ్లు ఎవరన్నా ఉన్నారంటా?"

మార్టూరు కుర్రాడు నావైపు చూశాడు. మా ఇద్దరికీ జవాబు తెలుసు. మా అమ్మ నన్ను అడిగింది. ఇన్నాళ్లూ నేను కోరుకున్న ఆ ఒక్కటీ అడిగింది. నన్ను అన్నం తిన్నావా అని అడగడం మర్చిపోయింది కూడా. ఎప్పటిలా వంగి జవాబు చెప్పడానికి మేడం అక్కడ లేరు.

అమ్మ ఫోను పెట్టెయ్యలేదు. అవతల మిరప చేలో గాలి వినపడుతోంది. "ఏమే, చెప్పవేం? ఉన్నారా?" అని మళ్లీ అడిగింది.