ఆగ్నేయంలో బోరు

వాస్తు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకు కారణం మా బావ బోరు.

తొంభైల్లో మేము నాచారంలో అద్దెకుండేవాళ్లం. అక్కను అశ్వారావుపేట దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. బావ పొగాకు మానేసి ఐదెకరాల్లో పామాయిల్ పెట్టాడు. నాలుగో ఏట గెలలు దిగాయి. ఆ మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి, బోరూ సన్నబడింది. అయినా చెట్లు నిలబడ్డాయి. రెండేళ్లకు వానలు దండిగా కురిశాయి. చెట్లు నిగనిగలాడుతున్నాయి, కానీ గెలలు లేవు. ఏ మట్టలో చూసినా మగపూలే. మగపూవు గెల కాదు.

ఈ గోడు చెప్పుకోవడానికి బావ మా ఇంటికి వచ్చాడు. ఆయన సంచిలోనే తోటల శాఖ వాళ్లిచ్చిన చిన్న పుస్తకం ఉంది, మడత కూడా విప్పలేదు. నేను విప్పి చదివి వినిపించాను. గెల కోతకు రావడానికి సుమారు రెండేళ్ల ముందే, అది ఆడపూవో మగపూవో చెట్టు లోపల తేలిపోతుంది. అప్పుడు నీళ్లు అందకపోతే మగపూలు ఎక్కువ.

"బావా, ఇది రెండేండ్ల కిందటి కరువు. చెట్టు ఇప్పుడు చూపిస్తుంది. బోరు నడిపించు, ఓపిక పట్టు."

"వానలు గింత మంచిగ పడ్డంక పాత లెక్కలు తీసుడేంది? చెట్టేమన్న పట్వారా?"

పక్కింటాయన సర్కారు కొలువులో ఇంజనీరు. వారమంతా యంత్రాలు, ఆదివారం వాస్తు. ఉప్పల్ వైపు కొత్త కాలనీల్లో ఆయన మాట మీద బాగున్న మెట్లు కూలగొట్టుకున్న విద్యావంతులు నాకు తెలుసు. ఆయన గోడ అవతలి నుంచి ఇదంతా విని బావను పిలిచాడు. కాగితం మీద తోట గీయించి వేలు పెట్టాడు.

"బోరు ఆగ్నేయంల ఉంది. నిప్పు మూలకు నీళ్లు. ఆడగెల ఎట్ల నిలుస్తది? పూడిపియ్యి. ఈశాన్యంల కొత్తది వేయించు."

"మొదటి గెలలు వచ్చింది ఈ బోరు నీళ్లతోనే గదా సార్" అన్నాను.

"దోషం పండనీకి టైం పడ్తది తమ్మీ."

చెట్టుకు రెండేళ్ల గడువు ఇవ్వనివాళ్లు దోషానికి ఎన్నేళ్లయినా ఇస్తారు.

బావ ఊరికి వెళ్లి, పోస్తున్న బోరును రాళ్లతో పూడ్పించాడు. ఈశాన్యంలో వేయించిన బోరు వేలెడు ధార పోసింది. మరుసటి ఏడు వానలు మళ్లీ ముఖం చాటేశాయి. తోటంతా ఆ వేలెడు ధార మీదే బతికింది.

ఆ పై ఏడు గెలలు విరగకాశాయి. పాత బోరు పూడ్చిన ఏడు కురిసిన వానల పంట అది. బావ మాత్రం శాలువా, పళ్లబుట్ట పట్టుకుని నాచారం వచ్చాడు. కాలనీ వాళ్ల ముందు ఇంజనీరును సత్కరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందులో సైన్సు చెప్పే పంతులు కూడా ఒకాయన ఉన్నాడు.

"ఇగ చెప్పు బామ్మర్దీ. నీ పుస్తకం గెలిచిందా, సార్ చెప్పిన మూల గెలిచిందా?"

"వచ్చే ఏడు మళ్లీ మగపూలే. రాసి పెట్టుకో" అన్నాను, అందరూ వినేలా.

బావ మొహం నల్లబడింది. "అన్నం పెట్టే చెట్టుకు శాపం పెడ్తవా?" అన్నాడు. నేను చెప్పింది కిందటేడు పడని వానల లెక్క. ఆయనకు వినబడింది శాపం. ఆ రోజు నుంచి మాటలు లేవు.

మరుసటి ఏడు మగపూలే వచ్చాయి. అక్క ఒక్కతే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. బావ రెండెకరాలు నరికించాడట. నీ తమ్ముడి నోటి దోషం తగిలింది, ఇక ఈ తోట కాయదు అంటున్నాడట. మిగతా మూడెకరాలు సోమవారం నరికిస్తాడట.

నేను చొక్కా తొడుక్కున్నాను. ఆ చెట్లలో జబ్బేమీ లేదు, నీళ్లు పెడితే రెండేళ్లకు కాస్తాయి, నేనే వచ్చి చెబుతానన్నాను.

అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నువ్వు చెప్పేది నిజమేరా తమ్మీ. గాని నువ్వు రాకు. నువ్వొస్తే ఆదివారమే నరికిస్తడు."