సూర్యకాంతమ్మ పట్టించిన ముర్రుపాలు

మూడు రోజులు బిడ్డకు ముర్రుపాలు పట్టరాదన్న కట్టుబాటును ఎవరు, ఏ అధికారంతో విధించారో యారాడ పల్లెలో ఎవరూ చెప్పలేరు; శిక్ష మాత్రం తల్లీబిడ్డలకే. 1979లో, చేపలమ్మే సూర్యకాంతమ్మ కోడలు నూకాలుకు కానుపైన రెండోనాడే రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. పసివాడు ఆకలితో గుక్కపట్టాడు. తన తొలి కాన్పులో ఇదే నొప్పిని పళ్ళబిగువున భరించిన సూర్యకాంతమ్మ ఈసారి ఊరుకోలేదు. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి కోడలికి కాపడం పెట్టింది. బిడ్డను రొమ్ముకు అందించింది.

“మూడోనాడు ఎల్లేదాకా ఆగాలే!” అని సూర్యకాంతమ్మ అత్తగారు ముసలమ్మ కేకేసింది.

“నువ్వు మూడ్రోజులు గంజి మానెయ్యత్తా, సూద్దాం!”

బిడ్డ గుటకలు వినబడ్డాయి. నొప్పి సడలి నూకాలు నవ్వింది. మూతి ముడుచుకున్న ముసలమ్మ మెల్లగా ముందుకు వంగింది.

“ఓలమ్మా, తాగుతన్నాడే! ఆ గుడ్డ సల్లారిపోనాది, ఇలా తే. నాను ముంచుతాను.”