ఫణీంద్ర చెప్పని ఎం.డి. సంగతి

చిక్కడపల్లిలో ఒక జిరాక్సు దుకాణం పైన, చిన్న గదిలో, ఫణీంద్ర ముప్పై ఏళ్లుగా రష్యన్ కాగితాలు తర్జుమా చేస్తున్నాడు. కుర్రతనంలో నారాయణగూడలో సాయంత్రం పూట ఎవరో ఉచితంగా రష్యన్ నేర్పుతుంటే, ఊరికే తిరగడం కంటే నయమని వెళ్లాడు. ఆ భాష మీద ప్రేమ పుట్టింది. కథలు తెలుగులోకి తేవాలనుకున్నాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. చేతికి వచ్చినవన్నీ పుట్టిన తేదీ పత్రాలు, మార్కుల జాబితాలు, మెడికల్ కాలేజీల డిప్లొమాలు.

2018లో, పిల్లల్ని రష్యాకు పంపే ఏజెంటు ఒకడు తన కరపత్రాన్ని ఫణీంద్ర చేత తెలుగులో రాయించుకున్నాడు. చదువు పేరు ఎం.డి. అనే ఉండాలన్నాడు. అక్కడ ఆరేళ్లు చదివితే వచ్చే మొదటి వైద్య పట్టానే ఇంగ్లిషులో ఆ పేరుతో పిలుస్తారు. మన దగ్గర ఎం.డి. అంటే ఎంబీబీఎస్ అయ్యాక చదివే పెద్ద చదువు. ఫణీంద్రకు ఈ తేడా తెలుసు. అయినా అడిగినట్టే రాసిచ్చాడు.

ఆ వారమే, ఆ భవనం మెట్లకు బండలు పరుస్తున్న మేస్త్రి ఉప్పలయ్య చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి బాగ్ లింగంపల్లి బస్తీలో ఉంటున్న మనిషి. చేతిలో ఆ కరపత్రమే ఉంది.

"సార్, మా బిడ్డ నర్మదకు ఈడ సర్కారు నర్సింగ్ సీటొచ్చింది. ఏజెంటేమో రష్యా పంపుమంటుండు. ఎంబీబీఎస్ కంటె ఎం.డి. పెద్దదే గద సార్?"

"మన దగ్గర ఎం.డి. పెద్దదే ఉప్పలయ్యా," అన్నాడు ఫణీంద్ర.

"ఇండ్ల రాసింది ఎం.డి.యేనా?"

"అవును, అదే."

రెండు మాటలూ నిజమే. రెండూ కలిస్తే అబద్ధమైంది. ఏజెంటు ఎప్పుడూ పని ఇచ్చేవాడు, ఆ సమయానికి భోజనం డబ్బా తెరిచి ఉంది, మేస్త్రికి ఇంత వివరం ఎందుకులే అనిపించింది. ఉప్పలయ్య దండం పెట్టి వెళ్లాడు. ఊళ్లో ఉన్న చెలక భూమి అమ్మేశాడు. నర్మద నర్సింగ్ సీటు వదులుకుని రష్యా వెళ్లింది.

ఏడేళ్ల తర్వాత తండ్రీకూతుళ్లు కలిసి ఆ గదికి వచ్చారు. ఉప్పలయ్య జుట్టు నెరిసింది. నర్మద అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి ఏదో కోచింగ్ తీసుకుంటోందని మాత్రమే తండ్రికి తెలుసు.

"డిప్లొమా తెలుగుల రాసియ్యుండ్రి సార్. ఎం.డి. జర పెద్దగ రాయుండ్రి. ఊర్ల బోర్డు పెట్టిస్త."

ఫణీంద్ర డిప్లొమా తెరిచాడు. అర్హత అన్నచోట ఒకటే మాట ఉంది, 'వైద్యురాలు' అని. తలెత్తితే నర్మద నేల చూపులు చూస్తోంది. ఈసారి అతను చెప్పేశాడు. అక్కడి ఎం.డి. ఇక్కడి ఎంబీబీఎస్ లాంటిదేననీ, మన దేశంలో పెట్టే పరీక్ష పాసై, ఏడాది ఆసుపత్రిలో పనిచేసి, పేరు నమోదు చేయించుకుంటే తప్ప మందు రాసే హక్కు రాదనీ చెప్పాడు.

ఉప్పలయ్య నవ్వబోయి ఆగి, కూతురి వైపు తిరిగాడు.

"నీకెరుకేనా బిడ్డా?"

"ఎరుకే నాయినా. ఆ పరీక్ష రెండుసార్లు రాసిన, పోయింది."

"ఎప్పటి సంది ఎరుక?"

"రష్యా పోయిన మొదటేడే తెలిసింది. అప్పటికే చెలక అమ్మేసినవ్. ఇంకేం చెప్పాలె?"

ఉప్పలయ్య డిప్లొమా మూసి ఫణీంద్ర ముందుకు జరిపాడు. తర్వాత, "తర్జుమా అయితే చెయ్యుండ్రి సార్," అని లేచాడు.

కాగితాలు తీసుకోవడానికి నర్మద ఒక్కతే వచ్చింది. ఫణీంద్ర చేతులు జోడించాడు. "తప్పు నాది తల్లీ."

ఆమె కోప్పడలేదు. "నర్సింగ్ సీటు వదలనని మూడు దినాలు ఏడ్చిన సార్. 'రష్యన్ సదివిన సారే చెప్పిండు' అన్నడు నాయిన. ఇగ ఊకున్న."

మూడోసారి రాసిన పరీక్షలో నాలుగు మార్కులు తక్కువ పడ్డాయి. నర్మద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోగుల ఇన్సూరెన్సు కాగితాలు చూసే ఉద్యోగంలో చేరింది. ఆరేళ్లు డాక్టరు చదువు చదివిన అమ్మాయిని అక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు. ఫణీంద్ర ఏజెంట్ల పని మానేశాడు. వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ రెండు ఎం.డి.ల తేడా విడమరిచి చెబుతాడు. చాలామంది నమ్మరు. ఒకాయనైతే, "మా పిల్లగాడు డాక్టరైతే నీకేం కడుపుమంట?" అని తిట్టి వెళ్లిపోయాడు.

చివరికి ఒకరోజు ఫణీంద్ర ఉప్పలయ్యను వెతుక్కుంటూ బర్కత్‌పుర వెళ్లాడు. కడుతున్న ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని అతను బండకు మట్టం చూస్తున్నాడు.

"నన్ను తిట్టు ఉప్పలయ్యా," అన్నాడు ఫణీంద్ర.

"ఏమని తిట్టాలె సార్? నాకు సదువు రాదు, అడిగిన. మీకు వస్తది, చెప్పలే." బండను చేత్తో తడుతూ, "మా ఊర్లకు పోయి ఏడాదైంది. కలిసినోళ్లంత 'డాక్టరమ్మ ఎప్పుడొస్తది' అంటరు," అన్నాడు.

ఫణీంద్ర ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"కాలు జరుపుండ్రి సార్. సిమెంటు ఇంక ఆరలే."

ఫణీంద్ర పక్కకు జరిగాడు. ఉప్పలయ్య మళ్లీ తలెత్తలేదు. కొంతసేపు చూసి, ఎండలోనే నడుచుకుంటూ ఫణీంద్ర ఇంటికి వచ్చాడు. భార్య దమయంతి అన్నం వడ్డిస్తూ ఎక్కడికి వెళ్లావని అడిగితే, కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు.