కోచ్ సార్ బిస్కెట్

సీజన్ ముగియగానే మా హాకీ కోచ్ జట్టులోని అమ్మాయిలను ఒక్కొక్కరిగా నాంపల్లిలోని ఇరానీ హోటల్‌కు పిలిచేవాడు. చాయ్‌తో బిస్కెట్ తెప్పిస్తే వచ్చే ఏడాదికి జట్టులో ఉన్నట్టు, ఉత్త చాయ్ అయితే ఇంటికి పోయినట్టు. ఆయన మాత్రం ప్రతి విడతా బిస్కెట్లు తినేవాడు, పొట్టే సాక్ష్యం.

ఫార్వర్డ్‌గా ఒక్క గోలూ కొట్టని నాకు ఉత్త చాయే వచ్చింది. నా కళ్లు తడవగానే, తన సాసర్‌లోని బిస్కెట్ నా వైపు తోశాడు.

"ఏంది సార్, జాలా?"

"జాలి గీలి ఏం లేదు బిడ్డా. నీకు ప్రతిదానికీ ఫికరే. గోల్ కాడ గసుంటోళ్లే కావాలె. ఇగ గాడ నిలబడు."

గోల్‌కీపర్‌గా నిలబడ్డాను. ఆయన ఉన్నన్నాళ్లూ నాకు బిస్కెట్ వచ్చింది.

ఇప్పుడు మా పాప మంచం అంచుకు పాకినప్పుడల్లా నా కాలు దానంతటదే అడ్డం పడుతుంది. పాపను వెనక్కి లాగి, నాకు నేనే ఒక బిస్కెట్ ఇచ్చుకుంటాను.