నేను చదవకుండా వదిలేసిన లైను

మా ఆవిడకు మొదటి నుంచీ మా కంపెనీ అంటే పడదు. నేను "మా కంపెనీ" అన్నప్పుడల్లా, "ఏంది, మీ మేనమామ పెట్టాడా దాన్ని?" అని అడిగేది. కంపెనీ పేరున్న టీషర్టు వేసుకుని పొద్దున్నే నడకకు బయల్దేరితే, "ఆ చొక్కా లేకపోతే కాళ్ళు కదలవా?" అనేది. నేను ఉడుక్కునేవాణ్ణి. నరసరావుపేటలో ఇంట్లో కూర్చుని అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి పదకొండేళ్ళుగా పని చేస్తున్నానంటే, నిజం చెప్పొద్దూ, నాకు పొగరుగానే ఉండేది.

మా వీధి చివర ఒక మోటార్ వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో నీళ్ళ మోటార్లు కాలిపోతే విప్పి, కొత్త రాగితీగ చుట్టి ఇస్తారు. ఆ షాపాయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. వాళ్ళు ముస్లింలు, మాకు చుట్టరికం లేదు, పిలుపు మాత్రం అలా స్థిరపడిపోయింది. ఆయన కూతురు ఇంజనీరింగ్ పూర్తి చేసి ఒకరోజు మా ఇంటికి వచ్చింది. "అన్నా, మీ కంపెనీలో ఏమన్నా ఉంటే చూడండి" అని తన బయోడేటా కాగితం చేతికిచ్చింది. నేను దాన్ని పైకి పంపాను, అంతే. ఇంటర్వ్యూలన్నీ ఆ పిల్ల సొంతంగా నెగ్గింది. బాబాయ్ మాత్రం ఉద్యోగం నేనే ఇప్పించానని ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ కాదనలేదు.

ఏడాది తిరక్కుండా ఆమె నా టీమ్‌లోకే వచ్చింది. మేనేజర్లు వింటున్న కాల్స్‌లో కూడా నన్ను అన్నా అనే పిలిచేది. కూతురి జీతం మొదలయ్యాక బాబాయ్ పొలాలకు పోవడం మానేశాడు. బోరులోంచి మోటారు పైకి లాగడమంటే మాటలు కాదు, ఆయనకు అప్పటికే నడుం దెబ్బతిని ఉంది. "ఇంక నాకేంది, షాపులో కూర్చుని తీగ చుట్టుకుంటా" అనేవాడు.

నిరుడు ఎండాకాలంలో కంపెనీ మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టింది. పొద్దున లాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ పని చేస్తే హమ్మయ్య అనుకునేవాళ్ళం. అప్పుడు కూడా నేను కంపెనీ తరఫునే మాట్లాడాను. ఒకరోజు భోజనం చేసి కూర్చోగానే మా మేనేజర్ ఫోన్ చేశాడు. నా కింద ఉన్న ఆరుగురిలో ఒకరి పేరు సాయంత్రంలోగా చెప్పాలన్నాడు. ఆ మనిషి తనంతట తానే రాజీనామా చేసేట్టు నేను మాట్లాడితే ఇంకా మంచిదన్నాడు. కంపెనీ తీసేస్తే ఎంతో కొంత ఇచ్చి పంపాలి. తనే మానేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు లేదు.

ఆరుగురినీ తలుచుకున్నాను. ఒకడు లేబర్ ఆఫీసుకు పోతానంటాడు. ఒకామె నెట్‌లో మా పేర్లతో సహా రాసిపెడుతుంది. మిగిలిన వాళ్ళు కూడా నోరున్నవాళ్ళే. ఈ పిల్ల ఒక్కతే నా మాట కాదనదు. ఆమె పేరు ఇవ్వడానికి అదొక్కటే కారణం. పనిలో ఆమెకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇది రాస్తుంటే తల కొట్టేసినట్టుంది.

వాళ్ళింటికి నేనే వెళ్ళాను. బాబాయ్ షాపులో ఉన్నాడు. ఆ పిల్ల కుర్చీ తుడిచి వేసింది.

"నా పనిలో ఏమన్నా తప్పుందా అన్నా?"

"లేదమ్మా. కంపెనీకి కష్టకాలం. గొడవ చెయ్యకుండా పోయినోళ్ళను మావాళ్ళు మర్చిపోరు. ఆర్నెల్లలో మళ్ళీ పిలుస్తారు."

"పిలుస్తామని మీతో చెప్పారా?"

"చెప్పారు" అన్నాను. నాతో ఎవరూ చెప్పలేదు.

రాజీనామాలో కారణం ఏం రాయమంటారని అడిగింది. వ్యక్తిగత కారణాలు అని రాయమని పక్కన కూర్చుని చెప్పాను. ఇంట్లో మాత్రం కంపెనీ తీసేసిందని చెప్పుకుంటానంది, సరేనన్నాను. మర్నాడు మేనేజర్ నుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది, విషయాన్ని చక్కగా సర్దానని. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. సంతోషించాను కూడా.

ఆర్నెల్లు దాటాయి. ఆ అమ్మాయి సంగతేమిటని మేనేజర్‌ని ఒకసారి అడిగాను. "ఏ అమ్మాయి?" అన్నాడాయన. ఇక మళ్ళీ అడగలేదు. ఈలోగా బాబాయ్ నడుముకు బెల్టు బిగించుకుని, బండి వెనక మోటార్లు లాగే చైన్ కప్పీ కట్టుకుని ముప్పాళ్ళ వైపు పొలాలకు పోవడం రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మొన్నొక మధ్యాహ్నం షాపు ముందు నుంచి పోతుంటే ఆయనే కేకేశాడు. కూతురికి కంపెనీ ఇచ్చిన ఆఖరి ఉత్తరాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు. మోటారు కోసం వచ్చిన రైతు ఒకాయన బల్ల మీద కూర్చున్నాడు. అన్నం క్యారేజీ తెచ్చిన కూతురు గోడ పక్కన నిలబడి ఉంది.

"అబ్బాయ్, ఇందులో ఏం రాశారో నువ్వు చదివి చెప్పు. దీన్నడిగితే ఏముందిలే అబ్బా అంటది. నువ్వైతే ఆ కంపెనీ మనిషివి."

చదివాను. ఇన్నాళ్ళు పనిచేసింది, నడవడిక మంచిది, ముందుముందు బాగుండాలని కోరుకుంటున్నాం అని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను. బాబాయ్ మొహం విప్పారింది. "చూశావా, తీసేసినా ఎంత మర్యాదగా రాశారో" అని ఆ రైతుతో అన్నాడు.

"ఒక లైను వదిలేశారు సార్" అంది ఆ పిల్ల.

ఆమె నన్ను సార్ అనడం అదే మొదలు. అట్ట మీద వేలు పెట్టి ఆ లైను కూడా చదివాను. వ్యక్తిగత కారణాల వల్ల తన ఇష్టంతోనే ఉద్యోగం మానుకున్నది.

బాబాయ్ చేతిలోని రాగితీగ కింద పెట్టాడు. "ఏంది బేటా, నువ్వే మానేశావా? తీసేశారన్నావుగా."

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. నా వైపు చూస్తూ నిలబడింది. చెప్పాల్సింది నేను. చెప్పడానికి నాకు టైమ్ కూడా ఇచ్చింది.

"అది కంపెనీల పద్ధతి బాబాయ్" అన్నాను. "అందరికీ అట్టాగే రాస్తారు."

"అట్టాగా. నాకేం తెలుసు. నువ్వు చెప్తున్నావుగా" అని ఆయన ఉత్తరాన్ని గోడ మేకుకు తగిలించాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "బేటా, అన్నకు టీ చెప్పు" అన్నాడు.

ఆమె వెళ్ళి చెప్పింది. టీ వచ్చింది. నేను తాగాను.