పేరుకున్న నూనె

మా బావగారికి, అంటే మా ఆవిడ అన్నగారికి, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాక నాలుగిళ్ల అవతలే ఉంటున్నాను. తొంభైల చివర్లో ఒక శీతాకాలం ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. డాక్టరు రక్తపరీక్ష చేయించి, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది, వేపుళ్లూ నెయ్యీ తగ్గించమన్నారు. మానమనలేదు, తగ్గించమన్నారు. పక్కన కూర్చుని విన్నది నేనే, ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నదీ ఆ మాటే.

మర్నాడు పొద్దున్నే బావగారు తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. చలికి నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. ధనుర్మాసంలో మా వైపు ప్రతి ఇంట్లోనూ జరిగేదే. సీసాని కాసేపు ఎండలో పెడతాం, కరిగాక రాసుకుంటాం. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన చూస్తున్నదే.

“చూసేరా బావగారూ? సీసాలోనే ఇలా పేరుకుంటే నా రక్తనాళాల్లో ఎలా పేరుకుంటుందో చెప్పండి.”

పుల్లతో కాస్త నూనె తీసి ఆయన అరచేతిలో పెట్టాను. చూస్తుండగానే కరిగింది.

“మీ ఒంటి వేడికే కరిగింది కదండీ. ఇంక లోపలెలా పేరుకుంటుంది?”

“చేతిలో కరిగిందండి. గుండెలో సంగతి మీరు చూసేరా?”

కాగితం తీసి బొమ్మ గీశాను. నూనైనా నెయ్యైనా గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తోకల్లా వేలాడుతుంటాయి. కొబ్బరినూనెలో ఆ తోకలు చాలావరకు తిన్నగా ఉంటాయి. మట్టలు పేర్చినట్టు ఒకదాని పక్కనొకటి సర్దుకుంటాయి, అందుకే చలికి గట్టిపడుతుంది. నువ్వులనూనెలో చాలా తోకలు వంకర, సర్దుకోలేవు, అందుకని పేరుకోదు. అయినా తిన్న నూనె తిన్నట్టే రక్తంలోకి పోదు. పైత్యరసం దాన్ని చిన్న చిన్న బొట్లుగా చేస్తుంది, ఎంజైములు విడగొడతాయి. కొవ్వు నీళ్లలో కలవదు కనుక, సఖినేటిపల్లి రేవులో పంటు మనల్ని గోదావరి దాటించినట్టు, రక్తంలో దాన్ని ప్రోటీన్లు మోసుకుపోతాయి. ఆ సరుకు మితిమీరితే ఏళ్ల తరబడి నాళాల గోడలకు పడుతుంది. దానికీ చలికీ సంబంధం లేదు.

అంతా విని బావగారు అడిగింది ఒకటే. “పంటు మునిగిపోతేనో?”

నూనే నెయ్యీ ఆయన ఒక్కరే మానేసి ఉంటే నేను ఊరుకునేవాణ్ణి. ఇల్లంతటికీ మాన్పించారు. లారీల కొద్దీ కాయలు పై రాష్ట్రాలకు ఎగుమతి చేసే ఇంట్లో కొబ్బరి పచ్చడి లేదు. నేతిగిన్నె అటకెక్కింది. అప్పుడే తల్లిపాలు మానిన మనవరాలికి కూడా పప్పుకట్టుతో ఉత్త అన్నం, మీగడ తీసేసిన పాలు.

కొన్ని వారాలకు ఆయన కోడలు పిల్లను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది.

“బాబాయిగారండీ, ఇది గోడ పట్టుకుని నడిచేదండి. ఇప్పుడు నిలబడి కూలబడిపోతోంది. నేను చెప్తే మామయ్యగారు వినట్లేదండి.”

పిల్ల చేతులు సన్నబడ్డాయి. గౌను భుజాల మీంచి జారిపోతోంది. వెంటనే వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. ఒంట్లో ప్రతి కణానికీ పైపొర కొవ్వు అణువులు రెండు వరసలుగా నిలబడితేనే ఏర్పడుతుంది, తలలు నీటి వైపు, తోకలు లోపలికి. ఎదిగే పిల్ల మెదడుకు కొవ్వు కావాలి. ఎ, డి విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కొవ్వు కావాలి. మీరు తిట్టిపోసే కొలెస్ట్రాల్ లేకపోతే పైత్యరసమే తయారవదు.

“పాఠం బాగా చెప్తారండి, ఆయ్,” అన్నారు బావగారు. “ఇప్పట్నుంచీ అలవాటు చేస్తే అది నాలాగా అవ్వదు కదండీ.”

ఇంటికొచ్చి చిందులు తొక్కుతుంటే మా ఆవిడ అంది, “సొంత చెల్లెలి మాటే ఎన్నడూ విన్లేదు మా అన్నయ్య. మీ గ్లిసరాల్ మాట వింటాడా?”

చివరికి పిల్లను అమలాపురంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. తన పద్ధతే సరైనదని డాక్టరు నోటితో చెప్పించడానికి బావగారూ బయల్దేరారు. డాక్టరు పిల్లను తూచి, పాత కార్డు చూసి, ఏం పెడుతున్నారని అడిగారు. కోడలు చెప్పింది. ఆయన తల ఎత్తకుండానే అన్నారు, “అన్నంలో నెయ్యి వెయ్యండి. పాలు మీగడ తియ్యకుండా పట్టండి.”

“ఎంత వెయ్యమంటారండి?” అన్నారు బావగారు.

“ముద్దలో ఓ చెంచాడు.”

“ఆయ్.”

అంతే. బొమ్మ లేదు, తోకలు లేవు, పంటు లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బావగారు నా వైపు ఒరిగారు. “పిల్లల మెదడుకి కొవ్వు కావాలండి బావగారూ. కొలెస్ట్రాల్ భయం మన వయసు వాళ్లకే గాని వాళ్లకి కాదు. మీకు తెల్సో లేదో.”

డాక్టరు మెదడు మాట ఎత్తనే లేదు.

ఇంటికి రాగానే అటక మీంచి గిన్నె దింపించి, ఆయనే స్వయంగా పప్పన్నంలో నెయ్యి వేసి కలిపారు. పిల్ల ఒక ముద్ద మింగి, ఇంకో ముద్దకు నోరు తెరిచింది. బావగారి కళ్లు చెమర్చాయి.

“ఆ డాక్టరుగారు చెప్పేదాకా మనకి తెలీలేదు చూసేరా,” అన్నారు.

ఆ ‘మనకి’ దగ్గర నాకు ఒళ్లు మండింది. కాని పిల్ల తింటోంది. చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను.