నాయనమ్మ అన్న మొదటి ‘వద్దు’

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికీ ఎదురుగా ‘వద్దు’ అనడం చేతనయ్యేది కాదు. వెనకాల మాత్రం బ్రహ్మాండంగా అనేవారు. ఇప్పుడు నన్ను చూసి, వాదన లేకుండా దీనికి అన్నం అరగదని మూతి తిప్పుకునేవాళ్ళు, నేను అలాంటి ఊళ్ళో పెరిగానంటే నమ్మరు.

అవనిగడ్డలో బస్సు దిగి సముద్రం వైపు పోతే దివిసీమ కొసన ఉంటుంది మా ఊరు. పొలాల నీళ్ళన్నీ ఒక మురుగు కాలువలో పడి సముద్రంలో కలుస్తాయి. పోటు వచ్చిందంటే అదే కాలువలోంచి సముద్రం వెనక్కి ఎక్కి మా చేల గట్లు తడిపిపోయేది. అందరికంటే చివరి పొలం మాది. వేసవి వచ్చేసరికి మడిలో ఉప్పు తెల్లగా పేరుకునేది. మా తాతయ్య చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసేవాడు. ఏటికేడు గింజ తగ్గిపోతోంది. ఇంకొన్నాళ్ళకు అది పొలం కాదు, చౌడు దిబ్బ అవుతుందని పిల్లదాన్నైనా నాక్కూడా తెలుసు.

మా పక్కింటి అక్క బతుకు కూడా ఆ కాలువే. వాళ్ళాయన గిలకలదిండి రేవులో బోటు పనికి వెళితే ఎప్పుడొస్తాడో తెలియదు. పోటుతో పైకెక్కిన రొయ్య, నీరు వెనక్కి తీసేటప్పుడు దిగిపోతుంది కదా, అక్కడ వల అడ్డం పెట్టి పట్టుకుని అమ్ముకునేది. నాకు రోజూ జడ వేసేది ఆవిడే. వేళ్ళకు రొయ్యల వాసన ఉండేది, నాకు ఇష్టంగానే ఉండేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు జీపు వచ్చింది. నేల ఉప్పు బారిపోకుండా ఏదో ఒకటి చేస్తామనీ, ఏం చేయాలో ఊరివాళ్ళనే అడుగుతామనీ ఆఫీసర్లు అన్నారు. అంతకుముందు ఏ పనైనా చెప్పి చేసేవాళ్ళు, లేదా చెప్పకుండా చేసేవాళ్ళు. అడగడం అదే మొదలు. బడి వరండాలో కుర్చీలు వేశారు, కూల్ డ్రింకులు తెప్పించారు. ఆడవాళ్ళు ఓ పక్కన నేల మీద కూర్చున్నారు. నేను నాయనమ్మ ఒళ్ళో చేరాను.

కాలువ సముద్రంలో కలిసే మొగలో అడ్డుకట్ట వేసి సముద్రపు నీటిని ఆపడం ఒక పద్ధతి అన్నారు. గట్ల వెంట మడ మొక్కలు పెంచి నేలను కాపాడుకోవడం ఇంకో పద్ధతి అన్నారు. కట్ట కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అంటే అందరూ ఎత్తారు. మొక్కలు కావాలన్నవాళ్ళు అంటే మళ్ళీ అందరూ ఎత్తారు. రెండూ కుదరవండీ, ఒక్కటే చెప్పాలి అని ఆఫీసరుగారు తల పట్టుకున్నారు. ఇంటికొచ్చిన మనిషిని కాదంటే మర్యాదేముంటుంది? పెద్దరైతు ఒకాయన “కట్టే కానివ్వండి” అనగానే మళ్ళీ చేతులన్నీ గాల్లోకి లేచాయి. అందులో మా అక్క చెయ్యి కూడా ఉంది.

నాకు అయోమయంగా అనిపించింది. కట్ట వేస్తారన్న మాట అప్పటికే ఊళ్ళో పాకింది. ముందురోజే జడ వేస్తూ, కట్ట పడితే నా వల దండెం మీద ఆరేసుకోవడానికే పనికొస్తుందే అని కళ్ళు తుడుచుకున్న మనిషి ఆవిడ. ఇప్పుడు చెయ్యి పైకెత్తి, చూపు మాత్రం నేలమీద పెట్టుకుంది.

అప్పుడు నన్ను పక్కకు దింపి మా నాయనమ్మ లేచింది.

“మా పొలానికి కట్ట వద్దండీ.”

“ఏమేవ్, కూర్చో! మతి పోయిందా?” తాతయ్య కేక.

“మతి ఉండబట్టే లేచాను. చివరి పొలం మాదండీ ఆఫీసరుగారూ. కట్ట వేస్తే ముందు బాగుపడేది మేమే. మేమే వద్దంటున్నాం, రాసుకోండి. ఎందుకో మా వెనకాల కూర్చున్నవాళ్ళని అడగండి.”

అంతే. ఊరంతా నోరు తెరిచింది. అక్క లేచి, పోటు ఆగితే రొయ్య రాదండీ అంది. “రొయ్యల కోసం మా నారు చంపుకోమంటావా?” అన్నాడు ఒక రైతు. “మీ నారు కోసం నా పిల్లల్ని పస్తులు పెట్టమంటావా బాబాయ్?” అంది అక్క. ఎగువ పొలాల ఆయన, కట్ట వేస్తే వానాకాలం మురుగు దిగక మా చేలు మునుగుతాయన్నాడు. ఆ మహానుభావుడి చెయ్యి కూడా ఇందాక గాల్లోనే ఉంది! గట్లంతా మొక్కలు నాటితే గేదెలు ఎక్కడ దిగుతాయి, మీ నెత్తి మీదా అని ఇంకొకావిడ లేచింది. ఆఫీసరుగారు కలం మూసేసి, కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు.

ఆ రోజు తాతయ్య అన్నం తినలేదు. నాకూ నాయనమ్మ మీద కోపమే. మన పొలం నీకు అక్కర్లేదా అని అడిగేశాను.

“అక్కర్లేకపోవడమేంటే, ఆ గింజలే కదా నువ్వు తింటున్నది?”

“మరి వద్దన్నావుగా?”

“పక్కింటి పిల్ల వద్దంటే, పక్కోళ్ళు బాగుపడుతుంటే ఏడుస్తోందంటారు. రేపు వీళ్ళ చేలల్లోకే కూలికి రావాలి అది. మొదటి ‘వద్దు’ బాగుపడేవాళ్ళ నోట్లోంచే రావాలే.”

“అయితే కట్ట కావాలా, వద్దా?”

ఆవిడ తమలపాకు ఈనె తీసి పారేసింది. “ఏమో. అది నాకూ తెలీదు” అంది.

పెద్దవాళ్ళకు తెలియనివి ఉంటాయని నాకు తెలిసింది అప్పుడే. అది తెలిశాక నా తికమక ఇంకా పెరిగింది తప్ప తగ్గలేదు.

ఆఫీసర్లు మళ్ళీ మళ్ళీ వచ్చారు, ప్రతిసారీ కాట్లాటే. చివరికి కట్ట వేశారు గానీ దానికి తలుపులు పెట్టారు. నారు లేతగా ఉన్నన్నాళ్ళు మూయాలి, ఆ తర్వాత తీయాలి, భారీ వాన పడితే ఎప్పుడైనా తీయాలి. ఎవరి లెక్క వాళ్ళది కాబట్టి ఏటా ఆ తలుపుల దగ్గర తగువే. కాకపోతే ఆ తగువు ఎదురెదురుగానే జరిగేది. మా పొలం సగం పచ్చబడింది, సగం తెల్లగానే ఉండిపోయింది. అక్క రొయ్యలు మునుపటంత పడలేదు, పూర్తిగా పోనూ లేదు. ఆ రోజు మీ నాయనమ్మ నోరు మూసుకుని ఉంటేనా అని తాతయ్య ఉన్నన్నాళ్ళూ అంటూనే ఉన్నాడు. ఆయనది తప్పని ఇవాళ్టికీ గట్టిగా చెప్పలేను. ఇంత చదివీ, ఇంతమందితో వాదించీ, ఆ ఒక్క వాదనలో మాత్రం నేను ఏ పక్షమో తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు కాలేజీ మీటింగైనా, మా కాలనీ మీటింగైనా, చేతులన్నీ ఒక్కసారిగా లేస్తే నాకు నమ్మబుద్ధి కాదు. ఎత్తిన చేతుల్ని చూడను, వాటి కింద నేలచూపులు చూసే కళ్ళు ఎవరివా అని వెతుకుతాను. ఆ పనివల్ల బాగుపడేది నేనే అయితే మరీ తొందరగా లేస్తాను. “మీకేంటండీ నష్టం?” అని అందరూ విసుక్కుంటారు. నాకేం నష్టం లేదు. అందుకే లేచాను.